క్లచ్ లేని బండి

మియాపూర్ రాజయ్యకు ఎడమకాలు పేరుకే ఉండేది. మోకాలి కింద ఎండిపోయి, కట్టె పట్టుకుని నడుస్తుంటే వెనక ఈడ్చుకుంటూ వచ్చేది. అలాంటి మనిషి కొండాపూర్ గుట్టల నుంచి నిజాంపేట తోటల దాకా బండి తోలుతాడంటే కొత్తవాళ్ళు నవ్వి ఊరుకునేవాళ్ళు. వాళ్ళ తప్పు లేదు. ఆ బండిని వాళ్ళు చూసి ఉండరు.

అది నీలం రంగు పికప్పు. ముందు ముగ్గురు కూర్చునే సీటు, వెనక సామాను వేసుకునే తొట్టి. భూమిలో నీళ్ళెక్కడున్నాయో చూస్తామని ఎక్కడినుంచో తెల్లదొరలు వచ్చారు. నాలుగు చోట్ల బెజ్జాలు వేసి, ఇక్కడ నీళ్ళు తక్కువని తేల్చి వెళ్ళిపోయారు. ఆ ముక్క మమ్మల్ని అడిగితే కల్లు పోయించకుండానే చెప్పేవాళ్ళం కదా అని ఊళ్ళో అనుకున్నారు. వాళ్ళు వదిలేసిన బండ్లు సికింద్రాబాదులో వేలానికి వచ్చాయి. జీపులన్నీ పోయాయి గాని ఈ పికప్పు దగ్గరికి ఎవరూ పోలేదు. ఊరందరిదీ ఒక దారి అయితే ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు, దాని స్టీరింగు ఎడమపక్కన ఉంది. పెట్రోలు నీళ్ళలా తాగుతుంది. అన్నిటికంటే ముఖ్యం, దానికి క్లచ్ లేదు. ఎక్కి కూర్చున్న ప్రతివాడూ ఎడమకాలితో కింద తడుముకుని, ఏదో మోసం జరిగినట్టు దిగిపోయాడు.

రాజయ్య కూడా ఎక్కి కూర్చున్నాడు. కింద చూశాడు. బ్రేకు, పెట్రోలు, రెండే ఉన్నాయి. రెండూ కుడికాలి పనులే. గేరు దానంతట అదే పడుతుందని వేలం గుమాస్తా చెబుతుంటే రాజయ్య స్టీరింగు మీద తల ఆనించి ఏడ్చాడు. కాలు పోయిన నాటినుంచి ఆ మనిషి ఏడవడం భార్య భాగ్యమ్మ కూడా చూడలేదు.

మాదాపూర్ గుట్టల పక్కన అన్నదమ్ములిద్దరికీ కలిపి కొంత చెలక ఉండేది. రాళ్ళు తప్ప ఏమీ మొలవని నేల. దాన్ని అమ్మి ఆ బండి కొన్నారు. ఆ నేలకు గిరాకీ దొరకడమే గొప్ప అని ఆ రోజు అందరూ అనుకున్నారు. తమ్ముడు రామన్న తన వాటా గురించి ఒక్క మాట అడగకుండా వేలిముద్ర వేశాడు.

అడగడానికి అతనికి నోరెక్కడిది? అన్న కాలు పోయింది అతనివల్లే. రామచంద్రాపురం వైపు పెద్ద ఫ్యాక్టరీ కడుతున్న రోజుల్లో రాజయ్య రాళ్ళ లారీ తోలేవాడు, రామన్న క్లీనరు. లారీ వాలు మీద ఆగగానే దిగి చక్రం వెనక రాయి పెట్టడం క్లీనరు పని. ఒకనాడు క్వారీలో రామన్న రాయి చేతిలోకి తీసుకుని, ఎవరో బీడీకి నిప్పు అడిగితే కింద పెట్టి అటు తిరిగాడు. అప్పటికే రాజయ్య దిగి లారీ వెనక్కి వచ్చాడు. ఆ మాత్రం సందు చాలింది, వెనక్కి జారిన లారీకి.

నీవల్లే అని రాజయ్య తమ్ముణ్ణి ఏనాడూ అనలేదు. రామన్న మాత్రం ఆ రోజునుంచి రాయి మరిచిపోలేదు. పికప్పు తొట్టిలో ఎప్పుడూ ఒక నల్లరాయి ఉండేది. బండి ఎక్కడ ఆగినా, అరచేతిలా చదునుగా ఉన్న నేల మీద ఆగినా సరే, రామన్న దూకి చక్రం కింద రాయి పెట్టేవాడు. "రామన్నా, నీ మంచం కోళ్ళకు గూడ రాయి పెట్టుకుంటవా ఏంది?" అని ఊళ్ళోవాళ్ళు ఆటపట్టించేవాళ్ళు. రామన్న నవ్వేవాడు. రాజయ్య అటు చూసేవాడు కాదు.

బండి వచ్చాక రాజయ్య ఒక కంప్రెషర్ సంపాదించాడు. పెద్ద గాలి మిషను, రెండు చక్రాల మీద ఉంటుంది. దాని గాలితో బావి అడుగున బండకు బెజ్జాలు వేసి, మందు కూరి పేలుస్తారు. దాన్ని ఊరూరా లాక్కుపోవడం పికప్పు పని. మామూలు బండ్లయితే అంత బరువు కట్టుకుని ఎత్తు మీద ఆగితే మళ్ళీ కదలడానికి నానా తంటాలు. ఈ బండి తీరు వేరు. కాలు బ్రేకు మీదనుంచి తీసి పెట్రోలు మీద పెడితే చాలు, జర్కు లేకుండా మెల్లగా పైకి పాకేది. ఎత్తు మరీ ఎక్కువైతే రాజయ్య గేరు పుల్లను ఒక గీత కిందికి దించేవాడు. పైకెక్కాక నీడ చూసి ఆపి, చల్లారనిచ్చేవాడు. ఆ గేరుడబ్బాకు బరువుతో పేచీ లేదు, వేడితోనే పేచీ అని అతను కొద్ది రోజుల్లోనే కనిపెట్టాడు.

దానికి పోసే నూనె కూడా వేరు. పలచగా, ఎర్రగా, దానిమ్మ రసంలా ఉండేది. వేలంలో బండితోపాటు వచ్చిన డబ్బాలను ఇంటి వెనక గదిలో పెట్టి తాళం వేశాడు. నూనె కొలిచే పుల్ల తీసి చూడటం, తగ్గితే గరాటుతో పోయడం, అన్నీ తనే చేసుకునేవాడు. రామన్నను బావిలోకి దింపేవాడు, కంప్రెషర్ అప్పగించేవాడు, ఇంట్లో తాళాలు చేతికిచ్చేవాడు. బండి మీద మాత్రం చెయ్యి వెయ్యనిచ్చేవాడు కాదు. ఎందుకని తమ్ముడు అడగలేదు. అన్న చెప్పలేదు. ఇద్దరికీ తెలిసిన సంగతిని ఎవరు మాత్రం నోటితో అనుకుంటారు?

కరువు వచ్చిన ఏడాది బావులన్నిటికీ అడుగు కనిపించింది. లింగంపల్లి నుంచీ నిజాంపేట నుంచీ మనుషులు వచ్చి రాజయ్య గుమ్మంలో కూర్చునేవాళ్ళు. కాలు పోయాక చాయ్ హోటల్ బల్ల మీద ఈగలు తోలుకున్న మనిషిని ఇప్పుడు కంప్రెషర్ రాజయ్య అన్నారు. అతను ఆ పేరుకు మురిసిపోయాడు. బండి ఎక్కి తలుపు వేసుకుంటే తన కాలు సంగతి తనకే గుర్తుండేది కాదు.

ఆ దసరాకు భాగ్యమ్మ బతుకమ్మకని శంకర్‌పల్లి పుట్టింటికి పోయింది. ఆమెను తీసుకురావడానికి రాజయ్య లింగంపల్లిలో రైలెక్కి వెళ్ళాడు. పండుగనాటి మధ్యాహ్నం ఇద్దరూ తిరిగి వచ్చేసరికి వాకిట్లో పికప్పు మెరిసిపోతోంది. బంతిపూల దండలు, పసుపు కుంకుమలు, చక్రాల కింద నిమ్మకాయలు, వెనక చక్రానికి నల్లరాయి. రామన్న కొత్త అంగీ వేసుకుని పెళ్ళికొడుకులా నిలబడి ఉన్నాడు. అన్న లేని సమయం చూసి, లారీల రోజుల్లోలాగే బండికి దసరా సేవ చేశాడతను.

"అన్నా, బండికి సర్వీస్ నేనే జేసిన. కింద గూడ..."

"నిన్నెవడు ముట్టమన్నడురా?" అన్నాడు రాజయ్య.

కింద కూడా ఏం చేశాడో రామన్న చెప్పలేదు. మొహం మాత్రం చిన్నబోయింది. భాగ్యమ్మ మొగుడి వైపు కోపంగా చూసి లోపలికి పోయింది. సాయంత్రం రామన్న జమ్మి ఆకు తెచ్చి అన్న చేతిలో పెట్టి కాళ్ళు మొక్కాడు. ముందు ఎండిన కాలికి మొక్కాడు. రాజయ్య తమ్ముణ్ణి లేపి గుండెకు హత్తుకుని అలాయ్ బలాయ్ తీసుకున్నాడు గాని, మధ్యాహ్నం అన్న మాటను వెనక్కి తీసుకోలేదు.

పండుగ మర్నాడు నిజాంపేట పోవాలి. అక్కడ నరసింహమూర్తిగారని, కోస్తా నుంచి సర్కారు కొలువుకు వచ్చి, రిటైరై ద్రాక్షతోట వేసుకున్న పెద్దమనిషి. ఆయన బావి ఎండిపోయి తీగలు ముడుచుకుపోతున్నాయి. కంప్రెషర్ తగిలించి రాజయ్య గేరు పుల్ల లాగాడు. బండి కదలలేదు. కాసేపటికి ఒక్క గుంజు గుంజి కదిలింది. నాలుగు రోజులు నిలబడి ఉంది కదా, బద్ధకించింది అనుకున్నాడు. చదును మీద బాగానే నడిచింది. తోట ముందరి ఎత్తు మొదలయ్యేసరికి ఇంజను అరవడం మొదలుపెట్టింది. అరుపు పెరుగుతోంది, బండి మాత్రం ముందుకు పోవడం లేదు. రాజయ్య పుల్లను కిందికి దించాడు. ఎక్కడో పట్టుకున్నట్టే పట్టుకుని జారిపోయింది. మాడిన కంపు కొట్టింది. బండి ఆగి, వెనక్కి రెండడుగులు జారింది.

రామన్న అప్పటికే దూకి రాయి పెట్టేశాడు.

రాజయ్య కట్టె పట్టుకుని దిగి, బానెట్ ఎత్తి గేరునూనె పుల్ల లాగాడు. దాని కొసన ఎరుపన్నది లేదు. నల్లగా, చిక్కగా, బెల్లంపాకంలా సాగింది. వేలితో తీసి వాసన చూశాడు. ఏళ్ళ తరబడి లారీ కింద పడుకుని పీల్చిన వాసన అది. లారీ గేరునూనె.

అప్పుడు అర్థమైంది. దసరాకు లారీవాళ్ళు ఇంజనునూనె, గేరునూనె పాతవి దింపేసి కొత్తవి పోస్తారు. ఆయుధపూజనాడు బండి కడుపులో పాత నూనె ఉండకూడదంటారు. ఆ పద్ధతి రామన్నకు నేర్పింది ఎవరో కాదు, తనే. ఈ బండి కింద మర విప్పినప్పుడు పలచగా ఎర్రగా కారింది చూసి, తుప్పునీళ్ళు కలిసి పాడైందనుకుని ఉంటాడు. కుదిరినంత దింపేసి, బజారులో దొరికే మంచి నూనె తెచ్చి పోసి ఉంటాడు. ఎర్రనూనె ఎలా ఉంటుందో వాడికెలా తెలుస్తుంది? తను ఏనాడైనా చూడనిచ్చాడా?

తెలుసుకోవడం వేరు, కోపం ఆపుకోవడం వేరు. రాజయ్యకు ఒళ్ళంతా మండిపోయింది. ఒకసారి కాలు తీసుకున్నావు, ఇప్పుడు రెండోసారీ తీసుకున్నావురా అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. బండి వెనక్కి తిరిగాడు. రామన్న చక్రం దగ్గర కూర్చుని, రాయి జారిపోతుందేమోనని రెండు చేతులతోనూ అదిమి పట్టుకుని ఉన్నాడు. తలెత్తి చూశాడు. ఆనాడు క్వారీలో లారీ వెనక ఎలాంటి మొహంతో నిలబడ్డాడో, అదే మొహం.

"ఏమైందన్నా?"

రాజయ్య వేలికున్న నూనె ధోవతికి తుడుచుకున్నాడు.

"ఏం గాలే. గేరుడబ్బా అరిగింది. పాత బండి గదా, ఆయుష్షు అయిపోయింది."

"నేను జేసిన సర్వీసుకేమన్న..."

"నీ సర్వీసుకేందిరా? కడిగినవు, పూలు పెట్టినవు. గంతే గద?"

రామన్న తలూపి, రాయిని ఇంకాస్త లోపలికి నెట్టాడు. పైనుంచి నరసింహమూర్తిగారు గబగబా దిగి వచ్చారు. "మీరు కంగారు పడకండి రాజయ్యగారూ. ఎడ్లను పంపిస్తానండి. తీగలదేముంది, ఇన్నాళ్ళు ఆగినవి ఇంకో వారం ఆగుతాయి" అన్నారు. ఆగవని ఆయనకూ తెలుసు. ఊళ్ళో బరువులన్నీ లాగిన బండిని ఆ రోజు రెండు జతల ఎడ్లు మియాపూర్ దాకా లాగాయి. రాజయ్య స్టీరింగు పట్టుకుని కూర్చున్నాడు. 

సిటీలో పెద్ద బండ్లు బాగుచేసే ఉస్తాదు ఒకాయన ఉండేవాడు. లారీ వెనక కట్టి అక్కడికి చేర్చారు. ఆయన గేరుడబ్బా విప్పగానే నల్లగా మాడిన రేకులు ఊడి చేతిలోకి వచ్చాయి. రామన్న చాయ్ తేవడానికి పోయిన సందులో రాజయ్య ఆయన చెయ్యి పట్టుకున్నాడు. "నూనె సంగతి నా తమ్ముని ముందల అనకు ఉస్తాద్. నీకు దండం పెడ్త" అన్నాడు. ఉస్తాదు అతని కాలు చూసి, మొహం చూసి తలూపాడు.

"ఈ సామాను ఇండియాల దొరకదు భాయ్. ఒక్కటే దారి. డిస్పోజల్ వేలంల కొన్న మిలిటరీ బండి గేరుబాక్సు ఉన్నది. అది బిగిస్త, క్లచ్ పెడ్త. ఇంజన్ బంగారం. ఇంకా మస్తు ఏండ్లు లాగుతది." అని, కొంచెం ఆగి, మెల్లగా అన్నాడు. "గని నువ్వు నడపలేవు."

"పెట్టు" అన్నాడు రాజయ్య.

క్లచ్ పెట్టిననాడు ఉస్తాదు యార్డులో రాజయ్య ఒక్కసారి ఎక్కి కూర్చుంటానన్నాడు. ఎవరూ వద్దనలేదు. ఎడమకాలిని రెండు చేతులతో ఎత్తి కొత్త పెడలు మీద పెట్టుకున్నాడు. నొక్కాడు. కాలు పక్కకు జారింది. మళ్ళీ ఎత్తి పెట్టి, మోకాలి మీద చేతులు ఆనించి ఒంటి బరువంతా వేశాడు. పెడలు కొంచెం దిగి, కాలిని తన్నేసి పైకి లేచింది. మూడోసారి కట్టెతో నొక్కి చూశాడు. ఒక చెయ్యి కట్టెకూ ఇంకోటి గేరుకూ పోతే స్టీరింగుకు చెయ్యి మిగల్లేదు. చెమటతో అంగీ తడిసిపోయింది. తలుపు పట్టుకుని నిలబడ్డ రామన్న గోడవైపు తిరిగాడు. రాజయ్య కాలు దించుకుని, స్టీరింగు చుట్టూ ఒకసారి చేత్తో నిమిరి, దిగాడు. ఇక జన్మలో తను బండి నడపలేడు. ఆ మాట అతనికి అక్కడే, ఆ యార్డులోనే, పూర్తిగా తెలిసింది.

బండి ఇంటికి వచ్చాక భాగ్యమ్మ వెనక గది ఊడవబోయి, "ఈ నూనె డబ్బాలు ఇగ దేనికి? అవుతల పెట్టిపియ్యి" అంది. రాజయ్య మంచం మీద పడుకుని ఉన్నాడు. వద్దు అనడానికి లేవబోయేలోపే రామన్న డబ్బాలు వాకిట్లోకి తెచ్చాడు. ఒకదాని మూత వదులై కాస్త నూనె నేల మీద ఒలికింది. అది ఎర్రగా ఉంది.

రామన్న వంగి వేలు అద్దుకున్నాడు. రుద్ది చూశాడు. ఇంకో డబ్బా తీశాడు. దానికి దొరలు వేసిన సీలు అలాగే ఉంది. మేకుతో పొడిచాడు. అందులోనూ ఎర్రగానే ఉంది. అక్కడే నేల మీద చతికిలబడ్డాడు. రాజయ్య కళ్ళు మూసుకుని నిద్ర నటించాడు. 

ఆ పూట రామన్న అన్నానికి రాలేదు. భాగ్యమ్మ కేకలు వేసి వేసి ఊరుకుంది. తెల్లవారి రాజయ్య కట్టె పట్టుకుని వాకిట్లోకి వచ్చేసరికి, తమ్ముడు పికప్పు వెనక చక్రానికి తల ఆనించి కూర్చుని ఉన్నాడు. పక్కన బట్టల మూట ఉంది.  కట్టె పక్కన పెట్టి, కష్టపడి తనూ నేల మీద కూర్చున్నాడు.

"యాడికి?"

"యాడికో. నేను నీ పక్కనుంటే నీకు ఏదో ఒకటి అయితనే ఉంటది." రామన్న తలెత్తలేదు. "ఎందుకు జెప్పలేదన్నా? కొట్టకపోతివా? తిట్టకపోతివా? ఆ పొద్దు కాలు పోయినప్పుడు గూడ ఏం అనకపోతివి. నువ్వు అంటవని ఇన్నేండ్లు ఎదురు చూసిన."

 తను ఏమీ అననందుకు తమ్ముడు ఇంత బరువు మోశాడని రాజయ్య ఏనాడూ అనుకోలేదు. క్షమించానని అనుకున్నాడు గాని, చేతికి బండి ఇవ్వనివాడు క్షమించినట్టు ఎలా అవుతుంది?

"నూనె తప్పు నీది గాదురా. నాది. నీకు జూపియ్యలేదు. భయపడ్డ" అన్నాడు. "నీ చేతికిస్తే మల్ల ఏమైతదో అని భయపడ్డ. నిన్ను తమ్మునిలెక్క జూడలే, ఎప్పుడు జూసినా నువ్వు పెట్టని ఆ రాయే కనవడ్డది."

రామన్న వెక్కి వెక్కి ఏడ్చాడు. రాజయ్య అతని వీపు మీద చెయ్యి వేశాడు.  తర్వాత రాజయ్య మూటను కట్టెతో ఇంటివైపు నెట్టి, "లే. స్టీరింగ్ కాడ కూసో. ఎడమకాలు పనేందో నేను జెప్త" అన్నాడు.

నేర్పడం అంత తేలిక కాలేదు. తన ఒంట్లో చచ్చిపోయిన కాలి పని పక్కవాడికి నోటితో చెప్పాలి. "మెల్లగ ఇడువు, మెల్లగ" అంటున్నప్పుడల్లా రాజయ్య ఎడమ తొడ దానంతట అదే అదిరేది. కుడిపక్క సీటులో కూర్చుని, లేని బ్రేకును కుడికాలితో తొక్కేవాడు. రామన్న ఇది చూసి చూడనట్టుండేవాడు. ఎవరూ లేనప్పుడు రాజయ్య ఎడమ సీటులోకి జరిగి, తలుపు వేసుకుని ఊరికే కూర్చునేవాడు. భాగ్యమ్మ చాయ్ అక్కడికే తెచ్చి ఇచ్చేది. 

మళ్ళీ కంప్రెషర్ కట్టుకుని నిజాంపేట పోయేసరికి నరసింహమూర్తిగారి తీగలు సగం ఎండిపోయాయి. మిగిలిన సగం కోసమైనా రమ్మని ఆయన కబురు పెట్టారు. ఇంతకుముందు బండి ఆగిపోయిన ఆ ఎత్తు దగ్గరికి వచ్చారు. రామన్న చెమటలు కక్కుతూ గేరు మార్చబోయాడు, కుదరలేదు. బండి దగ్గుతూ ఎత్తు నడుమ ఆగింది. అతను బ్రేకు తొక్కి పట్టి, అలవాటు చొప్పున తలుపు పిడి మీద చెయ్యి వేశాడు. రాయి పెట్టాలి. కాని బ్రేకు మీద కాలు తీస్తే బండి జారిపోతుంది. ఏం చెయ్యాలో తోచక అన్నవైపు చూశాడు.

రాజయ్య అప్పటికే తలుపు తీసుకుని దిగాడు. తొట్టిలోంచి నల్లరాయిని ఎత్తుకుని, కట్టె వదిలేసి, బండిని పట్టుకుంటూ వెనక్కి వెళ్ళాడు.

"అన్నా, వద్దే. అవుతలికి జరుగు" అని రామన్న లోపలినుంచి వేడుకున్నాడు.

"నువ్వున్నవు గద" అన్నాడు రాజయ్య.

వంగడం అతనికి చాతకాదు. అందుకని ఎండిన కాలు పక్కకు చాపి, మంచి కాలు మడిచి, చక్రం వెనక నేల మీద కూర్చున్నాడు. మిగిలిన ఆ ఒక్క కాలూ చక్రానికి జానెడు దూరంలో ఉంది. తొందరపడకుండా రాయిని ఇటు తిప్పి అటు తిప్పి సరిగ్గా ఆనించాడు. రామన్నకు అద్దంలో అంతా కనిపించింది. అన్న రాయి పెట్టి లేచేదాకా రెండు కాళ్ళూ బ్రేకు మీదే పెట్టి, స్టీరింగును వాటేసుకుని, పైకే ఏడుస్తూ తొక్కి పట్టాడు.